గరుత్మంతుడికి లైసెన్సు లేదు

పెళ్లి కాకముందే నేనొక డబ్బాకి తండ్రినైనాను. ఇందులో నా తప్పు రవ్వంత కూడా లేదు. అంతా ప్రభుత్వమే దగ్గరుండి చేసింది.

డబ్బా అంటే మరీ పెద్దదేం కాదు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. నల్లగా ఉంటుంది. ఒక పక్క వైర్లు, ఇంకో పక్క ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం. దాన్ని నా మోటారుసైకిలుకు ఎందుకు పెట్టించినానో ముందు చెప్తాను, లేకుంటే నన్ను పిచ్చోణ్ణి అనుకుంటారు. నా బండి సైలెన్సరు తుప్పు పట్టి ఊడిపోయింది. బయట దొరికేది ఇంకొకటి తెచ్చి వేయించినాను. అప్పట్నుంచి చదునులో బాగానే పోయేది గాని, నెమలికొండ ఘాటురోడ్డు మీద వెనక ఒక మనిషి కూర్చుంటే చాలు, దగ్గి దగ్గి ఆగిపోయేది.

ఆ వెనక కూర్చునే మనిషి వాసంతి. కొండ మీద ఆస్పత్రిలో నర్సు. వాసంతి అంటే నాకు ప్రాణం. ఇందులో దాచేదేముంది, ఇప్పుడే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

వాళ్ల నాయన దొరస్వామి తాలూకాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైనాడు. ఆయనకు దేవుడంటే భక్తి, రబ్బరు స్టాంపంటే భయమూ భక్తీ రెండూ. టమాట నారు పెంచి అమ్ముకునే నాలాంటోడికి పిల్లనిచ్చేదానికి ఆయనకు చేతులు రాలేదు. వాసంతి అన్నం మానేసి కూర్చుంటే దిగొచ్చినాడు గాని, ఒక షరతు మీద దిగొచ్చినాడు.

“ఏమప్పా మునిశేఖరా, నీకు సర్కారు ఉద్యోగం లేకపోతే పోనీ. సర్కారు దగ్గర చెడ్డపేరు మాత్రం ఉండకూడదు. నేను ముప్పై ఏండ్లు ఉద్యోగం చేసినా, నా మీద ఒక మెమో లేదు. నీ మీద కేసని గాని, నోటీసని గాని నా చెవిన పడితే తాంబూలాలు ఉండవు.”

తాంబూలాలు శుక్రవారం సాయంత్రానికి పెట్టుకున్నాం. నా మీద ఏం కేసులుంటాయి? నారుమడికి నీళ్లు కట్టుకునేవాడి మీద కేసు పెట్టేదానికి ఎవరికి తీరిక? అట్ల అనుకొని ధైర్యంగా తలూపినాను.

ఆ ఆదివారమే మెకానిక్కు అల్తాఫ్ షెడ్డుకు బండి తీసుకపోయినాను. అల్తాఫ్ సీటు ఎత్తి, ట్యాంకు ఒక పక్కకు ఒంచి, ఇంజను దగ్గర ఒక ప్లగ్గు ఊడపెరికినాడు. “ఎంత పెట్రోలు చిమ్మాలో లోపలుండే కంప్యూటరు చెప్తుంది అన్నా. నీ కంప్యూటరు ఇంకా పాత సైలెన్సరే ఉందనుకుంటాంది. మధ్యలో దీన్ని పెడితే, ఇంకొంచెం పొయ్యవయ్యా అని ఇది చెప్తుంది” అంటా ఊడిన ప్లగ్గుకూ ఇంజనుకూ నడుమ డబ్బాను తగిలించినాడు. నల్ల వైరు బ్యాటరీకి బిగించి, డబ్బాను సీటు కింద కట్టేసినాడు. స్టార్టు చేస్తే ఎర్ర దీపం వెలిగి, కాసేపటికి పచ్చ దీపమైంది. ఇంజను శబ్దం వింటే నాకు ఒళ్లు పులకరించింది.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “కొత్త వస్తువు పెట్టి, పూజ లేకుండా ఆ పిల్లను కొండెక్కిస్తావా?” అనింది. సరేనని ఆంజనేయస్వామి గుడి ముందర బండి నిలబెట్టినాం. వాసంతి కూడా వచ్చింది. అయ్యవారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, సంకల్పం చెప్పబోయి ఆగినాడు.

“బండి పూజ పోయినేడాదే నీ పేరు మీద చేసినాం గదా నాయనా. ఇప్పుడు కొత్తగా వచ్చింది డబ్బా. ఎవరి పేరు మీద చెయ్యమంటావు?”

“దాని పేరు మీదే కానియ్యండి సామీ” అనింది మా అమ్మ. “గరుత్మంతుడని పెట్టండి. కొండ మీదికి ఎగరాల గదా.”

“గోత్రం?”

“మా ఇంటికొచ్చినాక మా గోత్రమే.”

గరుత్మంత నామధేయస్య అని అయ్యవారు గట్టిగా చదివి, డబ్బాకు బొట్టు పెట్టి, నూరేండ్లు బతకమని అక్షింతలు వేసినాడు. వాసంతి నవ్వుకుంటా అదంతా ఫోనులో వీడియో తీసి నాకు పంపింది. తర్వాత ఇద్దరం కొండెక్కినాం. ఒక్క దగ్గు లేదు. వాసంతి నా భుజం మీద గడ్డం ఆనించింది. ఆ రోజు నన్ను పట్టేవాడు లేడనుకున్నాను.

సోమవారం పట్టుకున్నారు.

కొండ కింద చెకింగు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు పరాంకుశం గారు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఈయన ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు కూడా జీవో చదివినట్లే అడుగుతాడని చెప్పుకుంటారు. సీటు తీయించి, డబ్బాను చూసి, “ఏమిది?” అన్నాడు.

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. కొత్త సంబరం గదా, ఆగలేకపోయినాను. “ఇది పెట్టినాక బండి బంగారం సార్. పెట్రోలు విషయంలో నా మాట కూడా వినదు, దీని మాటే వింటుంది.”

“అనగా, గమన నిర్ణయము గైకొనుచున్నది తమరు కారు.”

“పెట్రోలు వరకే సార్.”

“పెట్రోలు లేని గమనమున్నదా?”

లేదన్నాను. ఉన్నమాటే గదా.

ఆయన బ్యాగులో నుంచి ఒక సర్క్యులరు తీసి, లేచి నిలబడి చదివినాడు. “వాహన గమనమును గూర్చి నిర్ణయము గైకొను వారెవరైనను వాహన చోదకులుగనే పరిగణింపబడుదురు.” మడిచి లోపల పెట్టుకొని, మర్యాదగా చెయ్యి చాపి డబ్బాను చూపించినాడు. “వారి లైసెన్సు చూపుడు.”

“ఎవరిది సార్?”

“వారిది.”

నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకొని, ఇది మనిషి కాదని నిరూపించాలనుకున్నాను. నా తెలివికి నేనే చెప్పు తీసుకొని కొట్టుకోవాల. “వస్తువు సార్ ఇది. నిన్ననే బండికి చేసినట్లు దీనికీ పూజ చేసినాం, చూడండి” అని ఫోనులో వీడియో పెట్టి ఇచ్చినాను.

ఆయన చూసినాడు. మళ్లీ మొదట్నుంచి చూసినాడు. మూడోసారి కండ్లజోడు పెట్టుకొని చూసినాడు.

“నామధేయమున్నది. గోత్రమున్నది. శతాయుష్షు కలుగవలెనని ఆశీర్వచనమున్నది. వస్తువునకు ఎవరైనను ఆయుష్షు కోరుదురా? వారంటీ కోరుదురు గాని.”

లైసెన్సు లేని గరుత్మంతుడు అనే చోదకుడికి బండి అప్పగించినందుకు నా మీద కేసు రాసి, బండిని లాక్కొని ఆఫీసు ఆవరణలో పెట్టించినాడు. డబ్బానన్నా ఇవ్వండి సార్ అంటే, విచారణ ముగియు పర్యంతము చోదకుని వాహనము నుండి వేరుచేయరాదన్నాడు.

దొరస్వామికి తెలిసేలోపల కేసు కొట్టేయించుకోవాలని మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తినాను. “ఉపాయమున్నది” అన్నాడు పరాంకుశం గారు దయగా. “వారు లైసెన్సు పొందినచో కేసు నిలువదు. పరీక్షకు పిలుచుచున్నాము.”

ముందు కంటిచూపు పరీక్ష. బండిని అక్షరాల బోర్డు ఎదురుగా నిలబెట్టి సీటు ఎత్తినారు. “చదువుడు” అన్నాడు. డబ్బా చదవలేదు. ఆయన చాలాసేపు ఓపిక పట్టి, “నిరక్షరాస్యులు. అది దోషము గాదు” అని రాసుకొని ముందుకు పోయినాడు. తర్వాత సిగ్నళ్ల పరీక్ష. తాళం తిప్పమన్నాడు. తిప్పినాను. ఎర్ర దీపం వెలిగింది, తర్వాత పచ్చ దీపం వెలిగింది. ఆయన మొహం వికసించింది. “అడుగకముందే చెప్పినారు. ఎరుపు తరువాత ఆకుపచ్చ. ఈ మండలమున ఈ మాత్రము తెలిసిన వారెందరు?”

ఆ తర్వాత ఎనిమిది. నేలమీద సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా బండి తిప్పాల. బండిని గీత మొదట్లో స్టాండు వేసి నిలబెట్టి, నన్ను దూరం జరగమన్నాడు. అభ్యర్థికి ఎవరూ సాయం చేయరాదంట. ఈల వేసినాడు. బండి కదల్లేదు. టైము అయిపోయినాక ఆయన దగ్గరకొచ్చి, కింద మోకరిల్లి సున్నం గీత పరిశీలించినాడు.

“కాలు కింద పెట్టలేదు. గీత తొక్కలేదు. ఉత్తీర్ణులు.”

పక్కన వరసలో నిలబడిన వాళ్లు చప్పట్లు కొట్టినారు. ఆ వరసలో ఒకాయన ఇరవైసార్లు ఎనిమిదిలో తప్పినోడంట, డబ్బాను కుళ్లుగా చూసినాడు. నాకైతే గర్వంగానే అనిపించింది. ఎంతైనా మా గోత్రం.

కార్డు రాస్తా రాస్తా ఆయన కలం ఆగింది. “పుట్టిన తేది?”

డబ్బా వెనక ముద్రించి ఉంది. పోయినేడాది తయారైంది. పరాంకుశం గారు కలం మూత పెట్టేసినాడు. “మైనరు. మైనరునకు వాహనమిచ్చిన నేరము ఇంకను పెద్దది. వీరికి తమరేమగుదురు?”

“ఏమీ కాను సార్. కొనుక్కున్నాను.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించినాడు. “మైనరును కొనుట జైలుశిక్షకు తగిన నేరము. నేను వినలేదు. మరల చెప్పుడు.”

“తెచ్చుకున్నాను సార్.”

“అటుల చెప్పుడు. తెచ్చుకొని, బొట్టుపెట్టి, తమ గోత్రమునిచ్చినారు. అది దత్తత. తమరు తండ్రి.” నా చేతిలో కేసు కాగితం మార్చి ఇంకొకటి పెట్టినాడు. శుక్రవారం పొద్దున ఆర్టీవో గారి ముందర విచారణ. దత్తత చెల్లుతుందా లేదా అనేది ఆమె తేల్చాల.

ఇట్లాంటి వార్త దాగుతుందా? గురువారానికి ఊరంతా పాకింది. టీ అంగడి దగ్గర నన్ను చూసి బారసాల ఎప్పుడని అడిగినారు. దొరస్వామి ఇంటి నుంచి కబురొచ్చింది, శుక్రవారం విచారణకు తానే వస్తాడని, సాయంత్రం తాంబూలాల సంగతి అక్కడే తేలుతుందని. వాసంతికి ఫోను చేస్తే, “నువ్వేం మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడితే ఇంకొక కేసు వస్తాది” అనింది. నాకు ఏడుపొచ్చింది. ఒక దగ్గు మాన్పించబోయి వాసంతిని పోగొట్టుకుంటానా అని దిగులు పట్టుకుంది. అన్నం సయించలేదు.

శుక్రవారం ఆర్టీవో సుభాషిణి గారి గది. నా బండిని మూడు మెట్లెక్కించి లోపల నిలబెట్టినారు, మైనరును బయట ఒంటరిగా వదలకూడదంట. వెనక బెంచీ మీద దొరస్వామి ఇస్త్రీ పంచెలో, ఒళ్లో హెల్మెట్టు పెట్టుకొని, కోర్టులో కూర్చున్నట్లు కూర్చున్నాడు. పక్కన వాసంతి. సుభాషిణి గారు ఈమధ్యనే ఏదో శిక్షణకు పోయొచ్చినారు. ఆమె పద్ధతి వేరే.

“మనం దీన్ని శిక్ష కోణంలో చూడకూడదు. పిల్లల కేంద్రిత, మానవీయ కోణంలో చూడాలి” అన్నారు. డబ్బాకేసి తిరిగి, “బాబూ, భయపడొద్దు. నీ ఇష్టమే ఇక్కడ ముఖ్యం” అన్నారు. డబ్బా ఏమీ అనలేదు. “సిగ్గరి” అని రాసుకున్నారు.

తర్వాత నన్ను చూసినారు. “మునిశేఖర్ గారూ, బాబుకు తల్లి ఉన్నారా?”

“లేదు మేడం. నాకింకా పెళ్లి కాలేదు.”

ఆమె మొహం బాధగా పెట్టినారు. “అయితే సమగ్ర కుటుంబ వాతావరణం లోపించింది. భార్య సమ్మతి లేని దత్తత చెల్లదు. దత్తత చెల్లకపోతే బాబును శిశు సంరక్షణ గృహానికి తరలించాలి. చోదకుణ్ణి వాహనం నుంచి వేరు చేయకూడదు కాబట్టి బండి కూడా అక్కడికే పోతుంది. మీ మీద కేసు మామూలుగా నడుస్తుంది.”

“పదునెనిమిది ఏండ్లు నిండిన పిదప వాహనమును వారే తెచ్చుకొందురు” అని పరాంకుశం గారు నన్ను ఓదార్చినాడు.

వెనక బెంచీ కిర్రుమనింది. దొరస్వామి లేచి, పంచె సర్దుకుంటా ఉన్నాడు. అయిపోయింది, పెళ్లీ లేదు, బండీ లేదు, కనీసం డబ్బా కూడా లేదు అనుకున్నాను.

“తల్లి ఉంది మేడం” అనింది ఒక గొంతు.

వాసంతి. ముందుకొచ్చి, బండి పక్కన నిలబడి, సీటు మీద చెయ్యి పెట్టింది. ఇంజెక్షను వేసేటప్పుడు రోగితో మాట్లాడతాదే, అంత నిమ్మళంగా మాట్లాడింది. “నేను ఆయన భార్యను. దత్తతకు నా సమ్మతి ఉంది. పూజ రోజు నేను అక్కడే ఉన్నా. ఆ వీడియో తీసింది నేనే.”

“మరి ఆయన పెళ్లి కాలేదంటున్నారే?”

“విచారణ అంటే భయం మేడం ఆయనకు. తడబడతాడు.”

సుభాషిణి గారు నన్ను చూసినారు. నేను వాసంతి చెప్పినట్లే ఏం మాట్లాడలేదు. మేడం కండ్లు తుడుచుకొని ఆర్డరు చెప్పినారు. మునిశేఖర్, భార్య వాసంతి, వీరి దత్తపుత్రుడు గరుత్మంతుడు. మైనరు కాబట్టి వాహనం నడపరాదు. అయితే తల్లిదండ్రులిద్దరూ వాహనం మీద ఉన్నప్పుడు పెట్రోలు విషయంలో సలహా ఇవ్వవచ్చు. ఒక్కరు లేకపోయినా ఆ సలహా చెల్లదు. కేసు మూసివేయడమైనది. కింద సంతకం పెట్టి, రబ్బరు స్టాంపును ఇంకులో అద్ది, బలంగా గుద్దినారు.

తలుపు దాకా పోయిన దొరస్వామి ఆ శబ్దానికి ఆగినాడు. వెనక్కొచ్చి ఆర్డరు చేతిలోకి తీసుకున్నాడు. వాసంతి తల దించుకోలేదు గాని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన ప్రతి అక్షరం చదివినాడు. స్టాంపు దగ్గరకు వచ్చేసరికి కండ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

“గెజిటెడ్ అధికారి సంతకం” అన్నాడు నిదానంగా. “ముద్ర కూడా చక్కగా పడింది. నా కూతురికి పెండ్లయిన సంగతి నాకు తెలీదు. అయిందని ఇందులో ఉంది కాబట్టి, అయింది.”

“సాయంత్రం తాంబూలాలు...” అని నసిగినాను.

“పెండ్లయినోళ్లకు తాంబూలాలేంది? ఇంటికి రాండి, భోజనం పెడతా.”

నాకు గాలిలో తేలుతున్నట్లుంది. పెండ్లికొడుకును కాకుండానే మొగుణ్ణయినాను, సత్రం ఖర్చు లేదు, మేళం లేదు. బండిని మెట్లు దింపి, వాసంతిని వెనక కూర్చోబెట్టుకొని, డబ్బా పచ్చ దీపం వెలిగించినాక గేటు దాకా పోయినాను. గేటు కాడ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టినాడు. ఆయన చేతిలో మా ఆర్డరు నకలు ఉంది.

“ఎంతమంది బండి మీద?”

“ఇద్దరం సార్.”

ఆయన కాగితం మీద వేలు పెట్టి లెక్కేసినాడు. “నాయన, అమ్మ, కొడుకు. ముగ్గురు. ట్రిపుల్ రైడింగు. కేసు రాయాల.”

వాసంతిని దిగి నడిచి రమ్మందామంటే, బండి మీద తల్లి లేకపోతే డబ్బా సలహా చెల్లదు. తల్లి ఉంటే ముగ్గురం. వెనక నుంచి స్కూటరు మీద దొరస్వామి వచ్చి ఆగినాడు. నేను ఆయన మొహం చూడలేక హ్యాండిలు చూస్తా నిలబడినాను.

“ఏమైందప్పా?” అని కానిస్టేబులును అడిగినాడు. ఆయన చెప్పినాడు. దొరస్వామి, తాలూకాఫీసులో ఫైలు ముందర పెట్టుకొని ఆలోచించినట్లే ఆలోచించి, “ఆ పిల్లోణ్ణి ఇట్లియ్యి” అన్నాడు నాతో.

సీటు ఎత్తి డబ్బా ఊడదీసి, వైర్లు ఎప్పట్లాగే నేరుగా కలిపేసినాను. ఇంటి దాకా చదునే, బండి దగ్గదు. దొరస్వామి రెండు చేతులతో డబ్బాను అందుకొని, స్కూటరు ముందర కాళ్లు పెట్టేచోట నిలబెట్టినాడు. అది ఒరిగిపోయింది. కండువాతో హ్యాండిలుకు కట్టినాడు.

“మైనరుకు హెల్మెట్టు ఏది?” అన్నాడు కానిస్టేబులు.

దొరస్వామి తన నెత్తి మీది హెల్మెట్టు తీసి డబ్బాకు తొడిగి, పట్టీ బిగించినాడు. డబ్బా అందులో పూర్తిగా మునిగిపోయింది. కానిస్టేబులు ఆయన బట్టతల చూసినాడు. ఇప్పుడు హెల్మెట్టు లేనిది ఆయనకు. పుస్తకం తీసినాడు.

ముప్పై ఏండ్లు మెమో లేకుండా ఉద్యోగం చేసిన మనిషి. నేను అడ్డం పోబోయినాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపినాడు.

“రాయప్పా, నా మీద రాయి. దొరస్వామి, విశ్రాంత సూపరింటెండెంటు. కారణం దగ్గర, మనవడు తోడున్నాడని రాయి.”

కేసు కాగితం తీసుకొని, స్టాంపు స్పష్టంగా పడిందో లేదో చూసుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాసంతి నా వీపుకు మొహం ఆనించి ఏడుస్తుందో నవ్వుతుందో నాకు తెలియలేదు. నేనైతే రెండూ చేసినాను. “పదండి మామా” అన్నాను, ఆ పిలుపుకు ఇంకా నోరు తిరగకపోయినా. ఆయన స్కూటరు స్టార్టు చేసి, ఎండ పడకుండా హెల్మెట్టు అద్దం కిందికి దించి, భోజనానికి ఆలస్యమైతాంది రమ్మని మమ్మల్ని కసురుకున్నాడు.